మూడో ఇంటికి అప్పు పుట్టని ఏడాది

నారాయణఖేడ్‌లో నా అంత ఆస్తిపరుడు ఇంకొకడు లేడని చాలాకాలం నమ్మాను. నాకు అప్పట్లో రెండు ఇండ్లు. ఒకటి మేముండేది. రెండోది బస్టాండు వెనక సందులో రెండు గదుల ఇల్లు. దాని ముందు గది వీధిలోకి తెరుచుకుంటుంది, వెనక గది పెరట్లోకి తెరుచుకుంటుంది, మధ్య తలుపు మాత్రం ఎండాకాలంలోనే తెరుచుకుంటుంది. వానలు మొదలైతే ఉబ్బిపోయి, నలుగురు పట్టి గుంజినా కదిలేది కాదు. రెండిండ్ల మీదా బ్యాంకు అప్పుంది కాబట్టి నిజానికి సగం సగం బ్యాంకువే. కానీ ఆ సగం ఏ వైపుదో బ్యాంకు ఎన్నడూ గీత గీసి చూపించలేదు కనుక అన్ని వైపులూ నావే అనుకునేవాణ్ణి.

జీవనాధారం జిరాక్స్ దుకాణం. ఈ చుట్టుపక్కల పుట్టినవాళ్లవీ, పెండ్లయినవాళ్లవీ, పొలాలు పంచుకుని కొట్టుకున్నవాళ్లవీ కాగితాలన్నీ నా మిషన్ మీద వెలుగు చూసినవే. ఆ మిషన్ ప్రతి కాపీ అడుగున ఒక సన్నని నల్లగీత గీస్తుంది. రిపేరు చేయించమని అందరూ అంటారు. అది నా సంతకం అని చెప్పి తప్పించుకుంటాను.

రెండో ఇంట్లో సిర్గాపూర్ నుంచి వచ్చిన ఒక టైలరమ్మ కిరాయికి ఉండేది. భర్త హైదరాబాదులో మేస్త్రీ పని చేసి పదిహేను రోజులకోసారి వచ్చేవాడు. ఆమె ముందు గదిలో కుట్టుమిషన్ పెట్టుకుని, వెనక గదిలో వండుకునేది. నన్ను అన్న అనేది, నా భార్యను వదిన అనేది. వచ్చి అయిదేండ్లయింది. కిరాయి ఇంత అని ఒకసారి మాటనుకున్నామే తప్ప కాగితం ముక్క లేదు. చేతిలో ఆడిన నెల డబ్బులిచ్చేది. ఆడని నెల మా ఇంటామె జాకెట్ల కుట్టుకూలి కింద చెల్లు. పంట చేతికొచ్చాక మిగిలిన కిరాయి బాకీ కింద నాగల్‌గిద్దలో ఉన్న వాళ్లన్న పొలం నుంచి ఒక సంచి కందిపప్పు వచ్చేది. ఆ పప్పు మామూలు పప్పు కాదు. అది ఉడుకుతుంటే మా వాడకట్టు వాళ్లంతా ఏదో ఒకటి అడగడానికి మా ఇంటికి వచ్చేవాళ్లు. ఒకసారి బస్సే ఆగింది. ఇంజను వేడెక్కిందని డ్రైవర్ అన్నాడు గానీ నేను నమ్మలేదు.

ఇట్లా సుఖంగా ఉన్నవాణ్ణి ఊరుకోవచ్చు కదా. బోరంచ పోయే దారిలో ఒక కొత్త ఇల్లు నా కంట్లో పడింది. గేటుకు అటొకటి ఇటొకటి సిమెంటు సింహాలు. కుడివైపు సింహం మూతి కొంచెం వంకర. నన్ను చూసి నవ్వినట్టే ఉంది. మూడిండ్ల ఆసామిని అవుతానని ఆ క్షణంలోనే తేలిపోయింది.

మా దగ్గర ఇల్లు కొనడమంటే ముందు బయానా ఇవ్వడం. స్టాంపు కాగితం మీద గడువు రాసుకుంటాం. ఆ గడువులోపల మిగతా సొమ్ము కట్టి రిజిస్ట్రేషన్ చేసుకోకపోతే బయానా అమ్మేవాడిదే. ముందు బ్యాంకులో కనుక్కుని తర్వాత బయానా ఇచ్చినవాణ్ణి నేను ఖేడ్‌లో ఇంతవరకు చూడలేదు. బ్యాంకు అప్పు వస్తుందా రాదా అని అడగడం, పెండ్లికి పోయి భోజనం ఉందా అని అడిగినట్టు ఉంటుంది. నేనూ అట్లనే రెండు నెలల గడువు రాయించుకుని, బయానా చేతిలో పోసి, లడ్డూలు పట్టుకుని ఇంటికొచ్చాను.

"బ్యాంకుల అడిగినవా?" అంది నా భార్య.

"బ్యాంకు మనదే గదనే. రెండుసార్లు ఇచ్చిండ్రు, మూడోసారి ఇయ్యరా?"

ఆమె లడ్డూ సగం తిని, మిగతా సగం పళ్లెంలో పెట్టింది. నా మీద ఆమెకున్న నమ్మకం కొలత అది.

బ్యాంకులో మేనేజరు మారింది. కృష్ణా జిల్లా వైపు నుంచి వచ్చిన చిన్న వయసు అమ్మాయి. మేకపిల్ల బరువున్న నా ఫైలును ఒక చేత్తో తిరగేసింది.

"మీకు ఇప్పటికే రెండు ఇళ్ల లోన్లు ఉన్నాయండీ."

"ఉన్నయ్ మేడం. ఒక్క కిస్తీ తప్పలే."

"అది నిజమే. కానీ మూడో ఇల్లంటే ఉండడానికి కాదు, పెట్టుబడికే అని చూస్తున్నాం ఇప్పుడు. నిబంధనలు గట్టిపడ్డాయి. ఇదివరకటిలా ధరలో పెద్ద వాటా అప్పుగా ఇవ్వలేం. ధరలో దాదాపు సగం మీరే తెచ్చుకోవాలి. ఆదాయం కూడా కాగితం మీద కనబడాలి."

"కనబడతది మేడం. దుకాణం ఉంది, కిరాయి వస్తది."

"కిరాయి అగ్రిమెంటు?"

"నోటిమాటనే."

"పోనీ, నెలనెలా బ్యాంకులో జమ అవుతోందా?"

"సగం జమ కాదు మేడం. తింటం."

ఆమె పెన్ను బల్ల మీద పెట్టింది. కందిపప్పు సంగతి చెప్పాను.

"మరి మిగతా సగం?"

"మా ఇంటామె తొడుక్కుంటది."

ఆ అమ్మాయి నవ్వు ఆపుకోవడానికి కంప్యూటరు వైపు తిరిగింది. భుజాలు మాత్రం కదులుతూనే ఉన్నాయి. "ఈ ఫారంలో పప్పుకు గడి లేదండీ," అంది చివరికి, బాధగానే. "మీ ఒక్కరికే కాదు. రెండు మూడు ఇళ్లు ఉండి ఇంకోటి కొందామని వచ్చేవాళ్లందరికీ ఇదే చెబుతున్నాను. ఉండడానికి మొదటి ఇల్లు కొనుక్కునేవాళ్లకైతే ఈ చిక్కు లేదు."

ఊరందరి కాగితాలకూ నకళ్లు తీసి ఇచ్చిన నాకు, నకలు తీసుకోవడానికి సొంత ఆదాయం చూపే కాగితం ఒక్కటీ లేదని ఆ రోజే తెలిసింది.

మిగిలిన దారి ఒక్కటే. రెండో ఇల్లు అమ్మి, దాని అప్పు తీర్చి, మిగిలింది మూడో ఇంటికి కలపడం. బ్రోకర్ మూడు రోజుల్లో ఒక పార్టీని పట్టుకొచ్చాడు. ఆయన అక్కడ సెల్‌ఫోన్ల దుకాణం పెడతాడట. ధర సరిగ్గా నాకు కావలసినంత చెప్పాడు. షరతు ఒక్కటే, నెల తిరిగేలోపు ఇల్లు ఖాళీ చేసి ఇవ్వాలి.

"ఆమెకు ఎవరు చెప్తరు?" అంది నా భార్య.

"నేనే చెప్త. దీంట్ల ఏముంది?"

ధైర్యంగా పోయాను. ఆమె బడి పిల్లల యూనిఫాంలు కుడుతోంది. గది నిండా నీలం బట్ట. చెరువు మధ్యలో కూర్చున్నట్టుంది. నేను నోరు తెరిచేలోపే, "అన్నా, నీ కాలర్ కింద గుండీ ఊడిపోతుంది, జర ఆగు," అని సూది తీసుకుని వచ్చి నిలబడ్డట్టే కుట్టేసింది. తన గొంతు దగ్గర సూది పట్టుకుని నిలబడ్డ మనిషితో ఇల్లు ఖాళీ చేయమని ఏ మగవాడు చెప్పగలడు? తిరిగి వచ్చేశాను.

రెండోసారి ఆదివారం పోయాను. భర్త వచ్చి ఉన్నాడు. చెమటలు కక్కుతూ మధ్య తలుపు ఊడదీసి చిత్రిక పడుతున్నాడు. "వానలొస్తే అన్న పరేషాన్ అయితడని," అన్నాడు. తలుపు నాది, చెమట ఆయనది. చాయ్ తాగి, చిత్రిక బాగుందని మెచ్చుకుని వచ్చాను.

మూడోసారి నేను గడపలో ఉండగానే ఆమె మిషన్ ఆపింది.

"నువ్వు వచ్చుడు, పోవుడు చూస్తనే ఉన్న అన్నా. ఇల్లు అమ్ముతున్నవంట గద."

"ఎవరన్నరు?"

"ఖేడ్ల ఎవరన్నరని అడుగుతవా? ఎవరు అనలేదో అడుగు, జల్దీ చెప్త."

నేను స్టూలు మీద కూర్చున్నాను. "మరి నన్ను అడగకపోతివి చెల్లె?"

"ఏమని అడగాలె? ఇల్లు నీది. అమ్ముకుంటవ్, ఉంచుకుంటవ్." చేతిలో ఉన్న బట్టను మడత పెట్టింది, విప్పింది, మళ్లీ మడత పెట్టింది. "ఈడికెళ్లి లేస్తే నాకు గిరాకీ ఉండదన్నా. అయిదేండ్ల సంది ఆడోళ్లందరికీ గీ సందు ఎరుక, నేను ఎరుక. ఇంకో దిక్కు పోయి కూసుంటే మళ్ల మొదటికెళ్లి. మిషన్ బందు పెట్టి ఆయన ఎంట హైదరాబాద్ పోవాల్సిందే. గందుకే ఒక్క మాట అడుగుతున్న. నాకే అమ్ము."

నేను నవ్వాను. నా జీవితంలో ఎన్నో తప్పు నవ్వులు నవ్వాను గానీ, వెనక్కి తీసుకోవాలనిపించే నవ్వు అదే.

ఆమె కోపగించుకోలేదు. మిషన్ కింది నుంచి ఒక ఫైలు తీసి నా ఒళ్లో పెట్టింది. మహిళా సంఘంలో తీసుకున్న అప్పులు, ఒక్క నెలా తప్పకుండా తీర్చిన పాస్‌బుక్కులు. యూనిఫాంల కుట్టుకూలి నేరుగా ఖాతాలో పడ్డ చీటీలు. భర్త మేస్త్రీ పనికి కంట్రాక్టరు ఫోనులో వేసిన జమలు. బ్యాంకు వాళ్లు, కొంటే ఇంతవరకు ఇస్తామని రాసిచ్చిన కాగితం. మిషన్ ఇక్కడే ఉంచి, ఉండడానికి ఊరవతల ఎక్కడైనా చిన్న ఇల్లు చూసుకుందామని అడిగి పెట్టుకుందట. ప్రతి కాపీ అడుగున సన్నని నల్లగీత. నాలుగు నెలలుగా ఒక్కొక్కటే తెచ్చి నా దగ్గరే తీయించింది. నేనే తీశాను. ఒక్కటీ చదవలేదు.

"మీ సెల్‌ఫోన్ల ఆయన చెప్పినంత నాతోని కాదన్నా," అంది. "బ్యాంకు ఇచ్చేది, నేను దాచింది, మా అన్న ఇస్తనన్నది, అన్నీ కలిపితే గింత." ఆ మొత్తం చెప్పింది. తక్కువే. అది తీసుకుంటే సింహాల ఇల్లు చేతికి రాదు, బయానా కూడా పోతుంది.

ఇంటికొచ్చి నా భార్యకు రెండు పక్కలా న్యాయంగా చెప్పాను. అంటే, మూడో ఇంటి గురించి అరగంటా, టైలరమ్మ గురించి రెండు నిమిషాలూ. ఆమె చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ విన్నది.

"ఆ సింహాల ఇంట్ల ఎవరుంటరు? నువ్వా, నేనా?"

"మనమెందుకు? కిరాయికి ఇస్తం."

"అంటే, ఉన్న కిరాయామెను ఎల్లగొట్టి, లేని కిరాయోళ్ల కోసం ఇల్లు కొంటవన్నట్టు."

నేను వాదనలో ఓడిపోని మనిషిని. అందుకే వాదన అక్కడితో ఆపి, ఆమె పక్కన కూర్చుని చిక్కుడుకాయలు అందుకున్నాను.

మరునాడు సింహాల ఆసామి దగ్గరికి పోయి, నాతో కాదని చెప్పాను. మంచివాడు. తిట్టలేదు, బయానా తిరిగి ఇవ్వనూ లేదు. స్టాంపు కాగితం ప్రకారం అది ఆయనదే. కానీ నా ముఖం చూసి చాయ్ తెప్పించాడు. ఖేడ్‌లో ఇంతవరకు ఎవరూ అంత ఖరీదైన చాయ్ తాగి ఉండరు. చక్కెర కూడా తక్కువే. బయటికి వస్తుంటే వంకర మూతి సింహం ముఖం చూడబుద్ధి కాక రెండో సింహం పక్క నుంచి వచ్చాను.

బ్యాంకులో మేనేజరమ్మ నన్ను చూసి, "మళ్లీ ఏ ఇల్లండీ?" అంది.

"ఈసారి కొనుడు కాదు మేడం, అమ్ముడు. కొనేది ఈమె."

టైలరమ్మ ఫైలు పలచగా ఉంది. మేనేజరమ్మ ఒక్కో కాగితం చూస్తూ తల ఊపుతోంది. నా ఫైలు చూసినప్పుడు ఆ తల అడ్డంగా ఊగింది, ఇప్పుడు నిలువుగా ఊగుతోంది. ఆమె పక్కన కూర్చున్న నాకు, మా అమ్మాయికి మార్కుల కాగితం ఇస్తున్నప్పుడు కూర్చున్నంత గర్వంగా ఉంది. పాత అప్పు తీరి, కొత్త అప్పు పాసై, రిజిస్ట్రేషన్ రోజు రావడానికి నెల దాటింది. ఆ నెలంతా ఆమె మా ఇంటికి వస్తే కూర్చునేది కాదు. నేను ఎక్కడ మాట మారుస్తానోనని నిలబడే మాట్లాడి పోయేది.

రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఫొటోకు కూర్చోబెడితే కళ్లు మూసింది. మళ్లీ తీశారు, మళ్లీ మూసింది. మూడోసారి భర్త వెనక నుంచి, "కండ్లు తెరువే, నీ ఇల్లే గది," అన్నాడు. తెరిచింది. నీళ్లు నిండి ఉన్నాయి. ఆపరేటర్ అట్లాగే తీసుకున్నాడు. ఆ ఫొటోలో ఆమె ఉన్నదానికంటే పదేండ్లు చిన్నగా ఉందని నేను ఎక్కడైనా ప్రమాణం చేస్తాను.

తర్వాతి ఆదివారం అటువైపు పోయాను. ఎప్పుడూ దగ్గుతూ నేరుగా లోపలికి పోయే అలవాటు. ఆ రోజు గడప దగ్గర కాళ్లు ఆగాయి. చెప్పులు విడిచి, "చెల్లె, ఉన్నవా?" అని కేకేశాను.

"ఏందన్నా కొత్తగ? రా, రా," అంది లోపలి నుంచి.

లోపల భర్త కుర్చీ ఎక్కి, చేతిలో సుత్తీ మేకూ పట్టుకుని నిలబడి ఉన్నాడు. అప్పుడు చూశాను. అయిదేండ్లలో ఆ గోడకు వాళ్లు ఒక్క మేకు కూడా కొట్టలేదు. దేవుని పటం కిటికీలో, అద్దం మిషన్ మీద, క్యాలెండర్ బియ్యం డబ్బాకు ఆనించి ఉన్నాయి. ఎవరూ కొట్టవద్దనలేదు. నేనైతే అననే లేదు. వాళ్లే అడగలేదు.

భర్త మేకును గోడ మీద ఒకచోట పెట్టాడు, జరిపాడు, మళ్లీ పెట్టాడు. ఎంతకూ చేయి లేవదు. చివరికి నా వైపు తిరిగి, "అన్నా, ఈడ కొట్టాల్నా?" అన్నాడు.

నేను చెప్పడానికి నోరు తెరిచాను కూడా.

"ఆయన్ను అడుగుతవేంది?" అంది ఆమె. "ఇంకింత పైకి కొట్టు. పటం నాకు కూసున్నకాడికెళ్లి కనవడాలె."

ఆయన ఇంకొంచెం పైకి జరిపాడు. కుర్చీ ఊగుతుంటే నేను పోయి గట్టిగా పట్టుకున్నాను.