అత్తా కోడళ్ల డిఫాల్ట్

రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్లు ఉన్నాయనగా, ఒక జూన్ నెలలో నన్ను కర్ణాటకలోని బాగేపల్లి నుంచి చిక్కబళ్లాపుర తాలూకాలోని ఒక నాడకచేరికి బదిలీ చేశారు. నాడకచేరి అంటే కొన్ని పల్లెలకు కలిపి ఉండే చిన్న రెవెన్యూ కార్యాలయం. పైన ఉప తహసీల్దారు, కింద నేను, ప్రథమ దర్జె సహాయకుణ్ని, అంటే గుమస్తాను. మా ఇద్దరికీ కలిపి ఒక కంప్యూటర్. హోదాలో అది నా కిందిదే గానీ మాట వినే రకం కాదు.

దాంట్లో రెండు బ్రౌజర్లు ఉండేవి. పాతదానికి అత్త అనీ, కొత్తదానికి కోడలు అనీ నేనే పేర్లు పెట్టాను. అర్జీని పరిశీలించే పేజీ కోడలిలోనే తెరుచుకునేది. ఉప తహసీల్దారు గారి డిజిటల్ సంతకం పడే పేజీ అత్తలోనే పనిచేసేది. కోడలిలో తెరిస్తే తెల్లమొహం వేసేది. రెండు పేజీల లింకులూ ఆఫీసు మెయిల్‌కే వచ్చేవి. లింకు నొక్కితే ఏ బ్రౌజర్ తెరుచుకోవాలో కంప్యూటర్‌కు ముందే చెప్పి ఉంచడాన్ని డిఫాల్ట్ అంటారు. కాబట్టి ప్రతి అర్జీకీ డిఫాల్ట్‌ను ఒకసారి అత్తకూ, ఒకసారి కోడలికీ మార్చాలి. ఏ ఇంట్లోనైనా తాళాలగుత్తి రోజుకు ఇన్నిసార్లు చేతులు మారితే ఆ ఇల్లు నిలవదు. మా ఆఫీసు నిలిచింది.

నిలిచిందంటే నా చలవే. సెట్టింగులు తెరిచి ఐదు క్లిక్కులు కొట్టాలి. నేను పన్నెండు లెక్కపెట్టేలోగా అత్తను దించి కోడల్ని ఎక్కించేవాణ్ని. అదీ స్క్రీన్ వైపు చూడకుండా, అర్జీదారులతో వానల సంగతి మాట్లాడుతూ. పక్క తాలూకా చింతామణి వైపు గుమస్తాలు కూడా ఫోన్ చేసి కిటుకు అడిగేవారు. వాళ్లను కాసేపు బతిమాలించుకునే చెప్పేవాణ్ని. గర్వం ఉండేది, దాచేదేముంది.

రెండేళ్లు ఇలా గడిచాక ఒక మధ్యాహ్నం నాగరత్నమ్మ అనే ఆవిడ వచ్చింది. పేరేసంద్ర దగ్గరి పల్లెలో పాల డెయిరీలో పాలు పరీక్ష చేసే పని ఆమెది. కూతురికి నర్సింగ్ కాలేజీలో సీటు వచ్చింది. కుల, ఆదాయ ప్రమాణపత్రం ఆ సాయంత్రం ఐదులోగా ఆన్‌లైన్‌లో ఎక్కించకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది. పిల్ల చింతామణిలో సైబర్ సెంటర్లో కూర్చుని పత్రం కోసం ఎదురుచూస్తోంది. గ్రామ లెక్కాధికారి నివేదిక మాకు చేరేసరికే మూడున్నర దాటింది. అర్జీని కోడలిలో పరిశీలించేసరికి నాలుగు. ఇక సంతకం ఒక్కటే మిగిలింది.

డిజిటల్ సంతకం ఉండే పెన్‌డ్రైవ్ లాంటి డాంగల్ చేత పట్టుకుని ఉప తహసీల్దారు గారు వచ్చి పక్కన కూర్చున్నారు. ఆ రోజుకు అదే మొదటి సంతకం. నేను అలవాటుగా ఐదు క్లిక్కులు కొట్టాను. ఏమీ మారలేదు. ఆ పొద్దున కంప్యూటర్ ఎవరినీ అడగకుండా అప్‌డేట్ అయింది. సెట్టింగుల పేజీ రూపురేఖలే మారిపోయాయి. నా ఐదు క్లిక్కుల ధాటికి ఫోటోలు చూపించే ప్రోగ్రాం మారింది గానీ బ్రౌజర్ మారలేదు. మళ్లీ కొట్టాను. ఈసారి పాటలు వినిపించేది మారింది.

“ఏమప్పా, మీ అత్త ఇంకా రాలేదా?” అన్నారు ఉప తహసీల్దారు గారు. నాలుగూ ఇరవై అయింది.

అప్పటిదాకా కౌంటరు అవతల నిలబడి చూస్తున్న నాగరత్నమ్మ మెల్లగా అంది: “ఆ లింకును కాపీ చేసుకుని, పాత బ్రౌజర్ తెరిచి దాంట్లో అతికించండప్పా. మా డెయిరీలోనూ రెండుండాయి, దినామూ అట్లే చేస్తాండాము.”

ఆ మాట వినగానే అది సరైనదని నాకు తెలిసిపోయింది. తెలిసింది కాబట్టే మండింది. రెండేళ్ల విద్వత్తు ఒక్క మాటతో గంగలో కలిసింది మరి. “సుత్తోలెలో లింకు నొక్కాలని ఉండాదమ్మా, కాపీ చేయమని లేదు,” అన్నాను. సుత్తోలె అంటే పైనుంచి వచ్చే సర్క్యులర్. అందులో నిజంగానే అలా ఉంది. నేను మాత్రం దాన్ని నా పరువు కాపాడుకోవడానికే వాడాను.

“ఆ సుత్తోలె నా బిడ్డకు సీటు ఇస్తాదా అప్పా?” అంది ఆమె. గొంతు పెంచలేదు. చేతిలోని ఫోన్ తిప్పి టైం మాత్రం చూపించింది.

సిగ్గేసింది. లింకు కాపీ చేశాను, అత్తను తెరిచాను, అతికించాను. నాలుగు లెక్కపెట్టేంత సేపు కూడా పట్టలేదు. సంతకం పేజీ వచ్చింది, ఉప తహసీల్దారు గారు పిన్ కొట్టారు, పత్రం తయారైంది. ఐదుకు పది నిమిషాలుండగా చింతామణి నుంచి ఫోన్ వచ్చింది. “ఎక్కిందంట,” అని ఆమె కళ్లు తుడుచుకుని, “పాలు పోసే పొద్దయింది, వస్తానప్పా,” అంటూ బస్సుకు పరుగెత్తింది.

ఆమె వెళ్లాక ఉప తహసీల్దారు గారు, ఇన్నాళ్లూ ఇలా ఎందుకు చేయలేదని నన్ను అడిగారు. ఈ సౌకర్యం పొద్దుటి అప్‌డేట్‌తోనే వచ్చిందని చెప్పాను. ఆయన నమ్మారు. అది మొదటి రోజు నుంచీ ఉన్నదే.

ఆ రెండేళ్లలో నేను నేర్చింది ఒక పనిని వేగంగా చేయడం. ఆ పని అసలు చేయాలా అని ఒక్కసారీ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాళ్లు కౌంటరు అవతల రోజూ వరుసలో నిలబడే ఉన్నారు. వాళ్లను నేను కనీసం కూర్చోమని కూడా అనలేదు.