ఇంటింటికీ నా ఐడీయే

2020 అక్టోబరు. సూరత్‌లో దుకాణాలు తెరిచారు గానీ బడులు ఇంకా తెరవలేదు. పర్వత్ పాటియాలో, బట్టల మార్కెట్లకు పోయే దారిలో నాదొక చిన్న మొబైల్ దుకాణం. రిపేర్లు, పాత ఫోన్లు కొనడం, అమ్మడం. అప్పటికి పదకొండేళ్లుగా నడుపుతున్నాను. నీళ్లలో పడ్డ ఫోన్లు, లారీ చక్రం కింద పడ్డ ఫోన్లు ఎన్నో చూశాను, దేనికీ బెదరలేదు. నన్ను నిలువునా వణికించింది మాత్రం ఏ లోపమూ లేకుండా బ్రహ్మాండంగా పనిచేస్తున్న ఒక ఫోన్.

ఆ రోజుల్లో దుకాణానికి వచ్చిన వాళ్లలో చాలామంది పాత ఫోన్‌ను కెమెరాగా మార్చిపెట్టమనే అడిగేవారు. దానికి యాప్‌లు ఉన్నాయి. పాత ఫోన్‌లో యాప్ వేసి ‘కెమెరా’ అని నొక్కి ఇంట్లో ఏ అల్మారా మీదో నిలబెట్టాలి. చేతిలో ఉండే ఫోన్‌లో అదే యాప్ వేసి ‘వ్యూయర్’ అని నొక్కాలి, అంటే చూసే ఫోన్ అన్నమాట. రెండింటిలోనూ ఒకే ఐడీతో లాగిన్ కావాలి. అప్పుడు పనిచేసే చోటి నుంచే ఇల్లు కనిపిస్తుంది. మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే ఆ మాట ఇంట్లో వినిపిస్తుంది కూడా. బడి లేని పిల్లలో, జ్వరంతో వేరే గదిలో పడుకున్న పెద్దవాళ్లో, కనిపెట్టుకుని ఉండాల్సిన వాళ్లు ప్రతి ఇంట్లోనూ ఒకరున్న కాలం అది.

ఇక ఐడీ సంగతి. “ఐడీ ఉందా?” అని అడిగితే మా లూమ్ పనివాళ్లు, అంటే మరమగ్గాల మీద పనిచేసేవాళ్లు, జేబులోంచి ఆధార్ కార్డు తీసి కౌంటర్ మీద పెట్టేవారు. అది కాదయ్యా, ఈమెయిల్ ఐడీ అంటే ఓటరు కార్డు తీసేవారు. మొదట్లో ఓపిక పట్టి ఒక్కొక్కరికీ కొత్త ఐడీ చేసి, పాస్‌వర్డ్ చీటీ మీద రాసిచ్చేవాణ్ణి. వారం తిరక్కుండా ఆ చీటీ పోగొట్టుకుని మళ్లీ నా ప్రాణం తీయడానికి వచ్చేవారు. విసుగొచ్చి దుకాణం పేరుతో ఒక ఐడీ చేసి, లేనివాళ్లందరికీ అదే వేయడం మొదలుపెట్టాను. “నీదే ఏదో ఒకటి ఎయ్యి అన్నా” అని వాళ్లే అనేవారు. పని చిటికెలో అయిపోయేది, నా అంత తెలివైనవాడు బజారులో లేడని మురిసిపోయాను.

పద్మ అలా వచ్చిన మనిషే. జగిత్యాల వైపు వాళ్లు. ఒక ప్రైవేటు ఆసుపత్రి కోవిడ్ వార్డులో ఆయా. భర్తకు లూమ్‌లో పగటి షిఫ్టు. ఎనిమిదేళ్ల కూతురు, చిన్ని. కరోనా వార్డులో పనిచేసే ఆమె బిడ్డ అని ఆ వరస ఇళ్లలో ఎవరూ పిల్లను గడప తొక్కనివ్వలేదు. చేసేది లేక పద్మ పొద్దున పిల్లను లోపల ఉంచి బయట తాళం వేసి డ్యూటీకి పోయేది. ఏదైనా ఆపద వస్తే పక్కవాళ్లకు ఫోన్ చేసి తెరిపించవచ్చని రెండో తాళంచెవి బయట మీటరు డబ్బా వెనక దాచేది. ఉన్నది ఒకటే గది. నేను మార్చిచ్చిన పాత ఫోన్ ఆ గది మొత్తం కనబడేలా అల్మారాలో పెట్టి, వార్డులో వీలు దొరికినప్పుడల్లా పిల్లను చూసుకునేది.

పెట్టిన వారానికి ఫిర్యాదుతో వచ్చింది. మధ్యాహ్నం పూట కెమెరా ఆగిపోతోందట. చిన్నిని కూడా తీసుకొచ్చింది. ఫోన్ చూశాను. అందులో పండ్లు జతకలిపే గేమ్ ఒకటి ఉంది. మూడు ఒకే రకం పండ్లు వరసగా పెడితే పేలిపోతాయి, లెవెల్ పెరుగుతుంది. గేమ్ తెరిస్తే కెమెరా యాప్ వెనక్కి పోయి ఆగిపోతుంది. “నీ బిడ్డ ఆడుతోంది చెల్లె, ఫోన్ తప్పేం లేదు” అన్నాను. చిన్ని ఒప్పుకోలేదు. తను ఆడేది కొంచెమే అనీ, నలభైలో ఉన్న లెవెల్ పొద్దున లేచేసరికి అరవై మూడుకు పోయిందనీ, తన గేమ్ ఇంకెవరో ఆడుతున్నారనీ అంది. దయ్యం ఆడుతుందేమో అని ఎగతాళి చేసి పంపించాను. ఆ పిల్ల ఆ రోజు నాకు సమస్య మొత్తం విడమరిచి చెప్పింది. పదకొండేళ్ల అనుభవం ఉన్నవాణ్ణి, నాకే వినబడలేదు.

నాలుగు రోజుల తర్వాత, మధ్యాహ్నం రెండు దాటాక పద్మ చిన్నిని చేయి పట్టుకుని దాదాపు ఈడ్చుకుంటూ వచ్చింది. మాస్కు గడ్డం కిందికి జారి ఉంది. ఆసుపత్రి వాళ్ల నీలం బట్టల మీదే ఉంది. పాత ఫోన్ కౌంటర్ మీద పెట్టి, దానికి రెండడుగుల దూరం జరిగి నిలబడింది.

“అన్నా, నా ఇంట్ల మొగోడు మాట్లాడుతున్నడు” అంది.

తిండి వేళకు చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని పిల్లను చూస్తోందట. చిన్ని ఎవరితోనో హిందీలో మాట్లాడుతోంది. తర్వాత గదిలోంచి ఒక మగ గొంతు వినిపించింది. మనిషి కనబడలేదు. కెమెరాకు అందని మూలలో నిలబడ్డాడనుకుని పద్మ ఎవరికీ చెప్పకుండా ఆటో పట్టుకుని పరిగెత్తింది. తాళం వేసింది వేసినట్టే ఉంది. లోపల పిల్ల ఒక్కతే అటుకులు తింటూ కూర్చుంది. ఎవరే అని అడిగితే అల్మారాలో ఉన్న ఫోన్ చూపించింది.

“ఫోన్ దాదా, మామా” అని చిన్ని నాకు చెప్పింది, నేను అడక్కుండానే. “రోజూ మాట్లాడ్తడు. ఖానా ఖాయా, తిన్నవా అని అడుగుతడు. స్టూల్ ఎక్కితే, నీచే ఉతర్ బేటా, కిందికి దిగు అంటడు.”

“ఇంకేం అడిగిండు?” అన్నాను.

“మమ్మీ కబ్ ఆతీ హై, ఎప్పుడొస్తది అన్నడు. ఛే బజే, ఆరింటికి అని చెప్పిన. బయట తాళం ఉంటే ఎట్ల పోతవ్ బేటా అంటే, చెవి మీటర్ డబ్బా ఎనక ఉంటది, డర్ నహీ, భయం లేదు అన్న.”

పద్మ అక్కడే మెట్టు మీద కూర్చుంది. ఎవడో తెలియని మగవాడికి ఆమె బిడ్డ ఒంటరిగా ఉండే వేళలూ తెలుసు, తాళంచెవి ఉండే చోటూ తెలుసు. తల ఎత్తకుండానే, చాలా మెల్లగా అంది. “డ్యూటీ నుంచి రాంగనే నేను ఆ గదిలనే బట్టలు మార్చుకుంట అన్నా. గప్పుడు ఫోన్ బంద్ చెయ్యాలని నాకు ఎవ్వలు చెప్పలే.”

ఎవడో హ్యాక్ చేశాడు అనుకున్నాను. హ్యాక్ అంటే దొంగదారిన ఇంకొకరి ఫోన్‌లోకి దూరడం. పోలీసు స్టేషన్‌కు పోదామని కూడా అన్నాను. పోయేముందు సంగతి చూద్దామని దుకాణం ఫోన్‌లో ఆ యాప్ వేసి, దుకాణం ఐడీతో లాగిన్ అయ్యాను. పైన పద్మ గది వచ్చింది. కెమెరా ఆపేసి తెచ్చింది కాబట్టి నల్లగా ఉంది. అప్పటిదాకా ఎన్నో ఫోన్లలో పైనున్న బొమ్మ కనబడగానే “అయిపోయింది, తీస్కపో” అని చేతిలో పెట్టేసేవాణ్ణి. ఆ రోజు మొదటిసారి వేలితో కిందికి జరిపాను.

కింద ఇంకో ఇల్లు ఉంది. దాని కింద ఇంకోటి. ఒకచోట ఊయలలో పసిబిడ్డ. ఒకచోట సోఫాలో పడుకున్న ముసలమ్మ. ఒకచోట చాప మీద కూర్చుని కూరగాయలు తరుగుతున్న ఆడమనిషి, ఉక్కపోతలో ఇంట్లో ఎవరూ చూడరనుకున్నప్పుడు ఎలా కూర్చుంటారో అలా. దూరిన దొంగ ఎవడూ లేడు. తలుపులన్నీ నేనే తీసిపెట్టాను. ఐడీ ఒకటే కాబట్టి యాప్ లెక్కలో ఇవన్నీ ఒకే ఇంటి గదులు.

“ఇవి కింద కనబడుతుంటయ్ అన్నా” అంది పద్మ, లేచివచ్చి నా భుజం మీదుగా చూస్తూ. “యాడ్‌లు అనుకున్న.”

ఐదో బొమ్మలో వంటిల్లు. పొయ్యి దగ్గర నిలబడి తడిజుట్టు తుండుతో విదిలిస్తున్న మనిషిని పోల్చుకోవడానికి నాకు ఒక క్షణం పట్టింది. ఎండాకాలంలో మా అమ్మకు జ్వరం వచ్చినప్పుడు నేనే పెట్టిన కెమెరా. తర్వాత ఆ ఫోన్ సంగతి మరిచిపోయాను. అది వంటింటి చార్జరుకు తగిలించుకుని అలాగే చూస్తూ ఉంది.

“గీమె ఎవలు?” అంది పద్మ.

“నా భార్య” అన్నాను.

చివరి బొమ్మలో ఒక పెద్దాయన మంచం మీద పడుకుని, చేతిలో ఫోన్ ముఖానికి దగ్గరగా పెట్టుకుని ఆడుకుంటున్నాడు. దాంట్లోంచి సన్నగా సంగీతం వస్తోంది. “గది నా గేమ్ పాట” అంది చిన్ని. లెవెల్ కూడా ఐడీలోనే దాచి ఉంటుంది కాబట్టి, ఆ ముసలాయనా ఈ పిల్లా ఇన్నాళ్లూ ఒకటే ఆట ఆడుతున్నారు.

ఆయన్ను గుర్తుపట్టాను. మార్కెట్‌లో చీరల దుకాణంలో పనిచేసే గుజరాతీ పెద్దమనిషి, జయంతి కాకా. ఇల్లు అడాజన్‌లో. కరోనా వచ్చి పన్నెండు రోజులుగా గదిలో ఉన్నాడు. కొడుకు తలుపు దగ్గర తిండి పెట్టి, మనిషి ఎలా ఉన్నాడో చూడ్డానికి నా దగ్గరే కెమెరా పెట్టించుకుపోయాడు, ఆయన చేతి ఫోన్‌లోనూ అదే యాప్, అదే ఐడీ వేయించాడు. ఫోన్ చేశాను. చిన్ని చెప్పిన దాదా, అంటే తాత, ఆయనే. మొదట అది తన ఇంటి హాలే అనుకుని నొక్కాడట. ఎవరో పిల్ల కనబడింది. ఇది మన ఇల్లు కాదని తెలిసింది, అయినా మర్నాడు మళ్లీ నొక్కాడు. పిల్ల స్టూల్ ఎక్కి పొయ్యి వెలిగించబోతుంటే ఆగలేక మాట్లాడానన్నాడు. అగ్గి అంటుకుంటే తాళం వేసిన ఇంట్లోంచి ఎలా బయటపడుతుందో అనే భయంతో తాళం గురించి అడిగానన్నాడు. చివరికి ఆయనే అడిగాడు, “కెమెరా బంద్ హో గయా. బచ్చీ ఠీక్ హై నా?” పిల్ల బాగానే ఉంది కదా అని.

అది విన్నాక నాకు ఎక్కడలేని ప్రాణం లేచివచ్చింది. ఫోన్ పెట్టేసి పద్మతో, ఆయన చాలా మంచివాడు చెల్లె, దేవుడు మన పక్షాన ఉన్నాడు, ఇప్పుడే పాస్‌వర్డ్ మార్చేస్తాను, ఇక ఎవరికీ ఏమీ కనబడదు అని గబగబా చెప్పుకుపోయాను. ఇంకెవరికీ చెప్పాల్సిన పని కూడా లేదన్నాను. నిజం చెప్పాలంటే, మిగిలిన ఇళ్లకు ఈ సంగతి పొక్కకుండా ఎలా అన్నదే అప్పటికి నా దిగులు.

పద్మ చిన్ని చేయి పట్టుకుంది. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. మెల్లగానే అంది.

“ముసలాయన మంచోడే అన్నా, నేను కాదంటలేను. గాని ఆయన మంచోడు గావుడు నీ చేతుల ఉండెనా? నువ్వు నా బిడ్డను ఎవలికి జూపెట్టినవో నీకే ఎర్క లేదు.”

పిల్లను తీసుకుని వెళ్లిపోయింది. ఫోన్ కౌంటర్ మీదే వదిలేసింది.

ఆ సాయంత్రం దుకాణం మూసి ముందు మా ఇంటికే పోయాను. వంటింట్లో ఫోన్ పీకి, నా భార్య లతకు జరిగింది చెప్పాను. ఆమె ఫోన్ ఉన్న గూటి వైపు చూసి, ఎన్ని నెలలు అని మాత్రం అడిగింది. తర్వాత రెండు రోజులు ఒక్కో ఇంటికీ స్వయంగా వెళ్లాను. తలుపు బయటే నిలబడి, తప్పు నాదని చెప్పి, కెమెరాలు తీయించాను. ఒకతను కాలర్ పట్టుకున్నాడు. ఒక ముసలమ్మకు ఎంత చెప్పినా అర్థం కాలేదు, టీ తాగి పొమ్మంది. చెప్పకుండా పాస్‌వర్డ్ మార్చి ఊరుకుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. ఆ ఊహ ప్రతి గడప దగ్గరా వచ్చింది, ప్రతిచోటా పద్మ మాట దాన్ని నోరెత్తనివ్వలేదు.

పద్మ ఐదో రోజున చిన్నితో వచ్చింది. తాళంచెవి చోటు మార్చిందట. పిల్లను చూసుకోకుండా వార్డులో చేతులు ఆడటం లేదట. మళ్లీ పెట్టాలి, కానీ ఐడీ తనది కావాలి, పాస్‌వర్డ్ తనే కొట్టుకుంటుందట. ఇంగ్లీషు అక్షరాలు ఆమెకు అంతంతమాత్రమే. నేను కొడతానని చేయి చాపబోయి ఆగాను.

ఫోన్ రిపేరంటే స్క్రీన్లూ బ్యాటరీలే అనుకునేవాణ్ణి. నా చేతికి వచ్చేది ఫోన్ కాదు, ఒక ఇల్లు, దాంట్లో ఎవరు ఉన్నారో చూడకుండా తలుపు తీసే హక్కు నాకు లేదు. ఇది నాకు నేర్పింది ఒక వార్డు ఆయా.

“అటు తిరుగు అన్నా” అంది పద్మ. తర్వాత కూతురితో, “చిన్నీ, నువ్వు గూడ తిరుగు” అంది.

ఇద్దరం గోడకు ముఖం పెట్టి నిలబడ్డాం. బయట గిరాకీ పిలుస్తోంది. వెనకాల పద్మ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, తప్పు కొట్టి చెరిపి, మళ్లీ మొదటి నుంచి కొడుతోంది. పావుగంట పైనే పట్టింది. ఆమె “అయింది” అనేదాకా నేను తిరగలేదు.