గొట్టానికి శ్రుతి కలిపిన ఫిలిప్ సార్

నిన్న సాయంత్రం మా వీధిలో పెళ్లి ఊరేగింపు పోయింది. పాట చెవికి అందకముందే టేబుల్ మీది స్టీలు గ్లాసు సన్నగా వణికింది. ఆ వెంటనే నా డొక్కలో ఏదో కదిలింది. పాటేమిటో ఇంకా తెలియదు, దాని అడుగున నడిచే లావు స్వరం మాత్రం గోడలు దాటి ముందే వచ్చేసింది. చుట్టుపక్కల వాళ్లు కిటికీలు మూసుకుంటుంటే నేను నవ్వుకుంటూ తెరిచాను. ఆ స్వరం ఎక్కడ వినిపించినా నాకు అనంతపురం కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పిన ఫిలిప్ సారే గుర్తుకొస్తారు.

ధ్వని పాఠం మొదలుపెట్టిన రోజు ఆయన సుద్దముక్క లేకుండా, భుజానికి గిటార్ తగిలించుకుని క్లాసుకు వచ్చారు. దానికి నాలుగే తీగలు, అవి కూడా తాళ్లంత లావు. "దీన్ని బేస్ గిటార్ అంటారు. పాటలో దీన్ని ఎవురూ పట్టించుకోరు. ఆపి చూడండి, ఏమో పోయిందని అందరూ ఎతుక్కుంటారు" అన్నారు. వైరు ల్యాబ్ స్పీకరుకు తగిలించి ఒక తీగ మీటారు. బెంచీల కింద నేల గుర్రుమంది. ముందు వరుసలో కునుకు తీస్తున్న వాడు ఉలిక్కిపడి లేచి "ప్రెజెంట్ సార్" అన్నాడు.

ఆ గిటార్ పుట్టుకే ఒక కథ. అరవైలలో సార్ బెంగళూరులో చదువుకునేటప్పుడు మిత్రులతో కలిసి ఒక బ్యాండ్ కట్టారు. విదేశీ వాయిద్యం కొనే స్తోమత ఎవరికీ లేదు. పత్రికలో వచ్చిన ఒక ఫోటో తీసుకుపోయి వీణలు చేసే ఆచారికి చూపించారు. ఆయన పనసచెక్కతో అచ్చం అలాగే చెక్కి ఇచ్చాడు. ఫోటోలోని ఇంగ్లండు కుర్రాడిది ఎడమచేతి వాటమని సార్, ఆచారి ఇద్దరూ గమనించలేదు. మీటలు, తీగల వరుస, అన్నీ తిరగబడి వచ్చాయి. సార్ ఆ వాయిద్యాన్ని మార్పించలేదు, తన చేతులనే మార్చుకున్నారు. "ఫోటోను నమ్మినాను, పరీక్షించలేదు. దానికి శిక్ష, ఎడంచేత్తో నేర్చుకున్నా" అని గర్వంగా చెప్పేవారు.

ఆదివారాలు వాళ్లింటి వసారాలో నాలుగైదుగురం చేరేవాళ్లం. ఆ కాలపు బేస్ వాయిద్యగాళ్లను ఆయన పేర్లతో పిలిచేవారు కాదు, అందరికీ అనంతపురం బిరుదులిచ్చారు. వయొలిన్ ఆకారపు తేలికపాటి గిటార్ పట్టిన ఆ ఎడమచేతి కుర్రాడు 'వయొలినోడు'. గాయకుడి వెనక నడవాల్సిన బేస్ అతని చేతిలో తానే ఇంకో పాట పాడిందట. అమెరికాలో ఒక స్టూడియోలో కూర్చుని, పాత తీగలు మార్చకుండా, ఒకే వేలితో లోకాన్నంతా ఆడించిన నల్లజాతి కళాకారుడు 'ఒంటివేలాయన'. రికార్డు అట్టల మీద ఆయన పేరు చాలాకాలం వేయలేదని చెప్పేటప్పుడు సార్ మొహం ఎర్రబడేది. పిల్లల్ని ఇంట్లో వదిలి వచ్చి, చేతిలో తీగలు మీటే చిన్న పిక్‌తో లెక్కలేనన్ని పాటలకు వాయించిన ఒకామె 'పిక్కక్క'. తోటివాళ్లు గిటార్లు విరగ్గొట్టి గంతులేస్తుంటే బండరాయిలా నిలబడి, వేళ్లతో మాత్రం ఉరుములు పుట్టించినవాడు 'కదలనోడు'. అంతకుముందు మనిషికన్నా ఎత్తుండే చెక్క బేస్‌ను బండి మీదేసుకుని తిరిగేవారట. దాన్ని భుజానికి తగిలించుకునే గిటార్‌గా మార్చాక, వెనక నిలబడేవాళ్లు ముందుకొచ్చారని సార్ వివరించేవారు.

ఆ రోజుల్లో నేను హేతువాద సంఘంలో పేరున్న వక్తను. బాబాల బూడిద మీద, శకునాల మీద గంటసేపు నిప్పులు చెరిగేదాన్ని. ఆ నిప్పు ఇప్పటికీ ఆరలేదు, ఆరనివ్వను కూడా. ఒక సభ అయ్యాక సార్ నన్ను ఆపి అన్నారు. "బాగా మాట్లాడినావు వసుంధరా. నువ్వు మాట్లాడితే గోడలు కూడా ఒప్పుకుంటాయి. మనుషులే ఒప్పుకోరు." నాకు ఒళ్లు మండింది. ఆయన మాత్రం నవ్వుతూ నా చేతిలో వేయించిన బుడ్డలు, అదే వేరుశెనగలు, పోసి వెళ్లిపోయారు.

ఆ ఏడాది ఆషాఢం గాలి దుమ్ము లేపుతున్నప్పుడు, గుత్తి వైపు ఒక పల్లె నుంచి ఓబులమ్మ అనే ఆమె మా సంఘాన్ని వెతుక్కుంటూ వచ్చింది. భర్త చనిపోయాడు. రెండెకరాల చేనిలో బోరు వేయిస్తే నీళ్లు పడలేదు. రాళ్లు పోసి పూడ్పించింది కానీ పైన మనిషి లోతున ఇనుప గొట్టం ఖాళీగా మిగిలింది. గాలి లేచినప్పుడల్లా అందులోంచి ఒక మూలుగు. గంగమ్మే మూలుగుతోందని, మొగుడు లేని మనిషి భూమికి తూటు పొడిచినందుకే వాన రావడం లేదని ఊరి పెద్ద నారపరెడ్డి తేల్చాడు. శుక్రవారానికల్లా చేను దేవతకు వదిలేసి ఆమె ఊరు దాటిపోవాలి.

నేను మరునాడే వెళ్లి ఊరందరి ముందు ఉపన్యాసం దంచాను. నారపరెడ్డి మొత్తం విని, "వాన పడకపోయినా నీకు అన్నముంటాది పాపా. మాకు ఉండదు" అన్నాడు. తిరిగొచ్చి గొట్టం మూలుగు సంగతి, రెడ్డి మాట సార్‌కు చెప్పాను.

శుక్రవారం పొద్దున సార్ బేస్, ల్యాబ్ స్పీకరు తీసుకుని నాతో బస్సెక్కారు. కండక్టరు అనుమానంగా "ఇదేంది సారూ, వీణా?" అన్నాడు. "వీణకు చిన్నాయన కొడుకు. అర టికెట్ ఇయ్యి" అన్నారు సార్.

పక్క చేని మోటారు పెట్టె నుంచి వైరు లాగాం. ఊరంతా చుట్టూ నిలబడింది. సార్ ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు, గొట్టం పక్కన గట్టు మీద కూర్చున్నారు. గాలి లేచింది. గొట్టం మూలిగింది. కొందరు చేతులు జోడించారు. సార్ తీగ మీద వేలిని మెల్లగా జరుపుతూ పోయారు. ఒకచోట రెండు ధ్వనులూ ఒకటయ్యాయి.

"సారు గంగమ్మతో మాట్లాడతాండాడ్రా!" అన్నారెవరో.

"మాట్లాడలేదప్పా, స్వరం పట్టుకున్నా. రెడ్డన్నా, ఇందులో ఒక గంప ఇసుక పొయ్యి. గొట్టం లోతు తగ్గి గొంతు సన్నబడతాది. సన్నబడకపోతే ఓబులమ్మతో పాటు నేనూ ఈ పొద్దే ఊరు దాటిపోతా."

"దేవత నోట్లో ఇసుక పొయ్యమంటావా సారూ?"

"దేవతైతే నేను చెప్పినట్టు యాల పలుకుతాది? పలక్కపోతే నువ్వే గెలిచినావు గదా."

నారపరెడ్డి పంచె ఎగగట్టి, తానే గంప ఎత్తి పోశాడు. సరిగ్గా అప్పుడే గాలి ఆగిపోయింది. ఓబులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గొట్టం వైపే చూస్తోంది. తర్వాత బీడు చేల మీదుగా గాలి మళ్లీ వచ్చింది. గొట్టం మునుపటికన్నా సన్నగా పలికింది.

"గంగమ్మ గొంతు లేతబడిందే!" అని ఒక ముసలామె గట్టిగా నవ్వింది.

సార్ వేలు పైకి జరిపి ఆ కొత్త స్వరాన్నీ పట్టుకున్నారు. ఆ తర్వాత చేసిన పనే నేను జీవితమంతా నేర్చుకుంటున్న పాఠం. ఆయన విజయం చాటుకోలేదు. బేస్‌ను తీసి నారపరెడ్డి మెడలో వేసి, "ఇప్పుడు నువ్వు చూడన్నా" అన్నారు. రెడ్డి బెదురుతూ తీగ మీటాడు. స్పీకరు ఉరిమితే ఎగిరిపడి, మళ్లీ మీటాడు. ఇంకో గంప పోయించి, తడుముకుంటూ తడుముకుంటూ స్వరం కలిపాడు. మూడో గంపకు జనం వైపు తిరిగి తానే అరిచాడు: "ఉండండ్రా! ఇప్పుడు ఇంకా సన్నగా వస్తాది, చూడండి!"

అలాగే వచ్చింది. చప్పట్లు, ఈలలు.

ఓబులమ్మ ముందుకొచ్చింది. "రెడ్డెప్పా, మరి నా చేను?"

"నీ చేను నీదే గదమ్మా. కాదన్నదెవురు?" అన్నాడు రెడ్డి, తీగల మీంచి చూపు తిప్పకుండా.

"నువ్వే!" అన్నారు పదిమంది ఒక్కసారిగా. రెడ్డికీ నవ్వు ఆగలేదు. గొట్టాన్ని అంచుదాకా పూడ్చేటప్పుడు "ఇంకొంచేపు ఉంచకూడదా సారూ?" అని ఆయనే బతిమాలాడు. వాన రావాల్సినప్పుడే వచ్చింది. ఓబులమ్మ తన చేనిలో బుడ్డలు విత్తింది.

తిరుగు బస్సులో నేను అడిగాను: "గాలి రాకపోయుంటే ఏం చేసేవారు సార్?"

"ఆషాఢంలో అనంతపురానికి గాలి రాక ఏమొస్తాదమ్మా, నీళ్లొస్తాయా?" అన్నారు. గిటార్‌ను ఒళ్లోకి సర్దుకుంటూ, "బేస్ వాయించేవాడు పాడడు. పాడేవాడు నిలబడేదానికి చోటిస్తాడు. ఈ పొద్దు పాడింది రెడ్డి" అన్నారు.

సార్ పోయి చాలా ఏళ్లయింది. నేను ఇంకా సభల్లో కొట్లాడుతూనే ఉన్నాను, మూఢనమ్మకాన్ని మూఢనమ్మకమనే పిలుస్తాను, ఆ విషయంలో ఎవరికీ మొహమాటపడను. అయితే నా గొంతు హద్దు దాటబోతోందని తెలిసిన క్షణాన ఆగి, ఎదుటివాళ్లను ఒకటి అడుగుతాను: "నేను చెప్పింది తప్పని తేలాలంటే ఏం చేసి చూడాలో మీరే చెప్పండి. చేసేది కూడా మీరే." కొందరు విసుక్కుని లేచి వెళ్లిపోతారు. ఎక్కువమంది కుర్చీలు ముందుకు జరుపుకుంటారు.