చివరగా మాట్లాడినవాడిదే మాట

మా సేటుకు ఒక గుణం ఉండేది. ఎవరు చివరగా మాట్లాడితే వాళ్ల మాటే ఆయనకు న్యాయంగా కనిపించేది. కొత్తపేటలో ఆయన టెంట్ హౌస్‌లో సామాను మీద నేను పెద్దను. షామియానాలు, ఇనుప కుర్చీలు, గుండిగలు అన్నీ నా చేతి మీదుగానే పోయేవి, వచ్చేవి. పొద్దున నేను ఒకటి చెబితే "నిజమే పెద్దాయనా" అనేవాడు. మధ్యాహ్నం డ్రైవర్ దానికి అడ్డంగా చెబితే "అదీ నిజమే" అనేవాడు. ఇంటికి పోయాక భార్య ఇంకేదో అనేది. దాంతో తెల్లారేసరికి దుకాణం మళ్లీ మొదటికొచ్చేది. అందుకని ఆయనతో పని ఉన్నవాళ్లెవరూ ముందు నోరు విప్పేవారు కాదు. బెంచీ మీద కూర్చుని "నువ్వు చెప్పు", "లేదు లేదు, ముందు నువ్వే కానియ్యి" అని మర్యాదలు చేసుకునేవారు. బయటివాళ్లు చూసి, ఈ దుకాణంలో ఎంత సంస్కారం అనుకునేవారు.

ఈమధ్య దిల్‌సుఖ్‌నగర్‌లో కోటు వేసుకున్న ఒక కుర్రాడు, వ్యాపారాన్ని కొత్త దారి పట్టించడం ఎలాగో గంటసేపు చెప్పగా విన్నాను. తెర మీద బాణాలు, గుండ్రాలు, మెట్లు. యజమాని అవునో కాదో తేల్చకపోతే ఆ బాణాలన్నీ ఎటు పోతాయో మాత్రం చెప్పలేదు. నాకు ఒళ్లు మండింది. నాకు బడి చదువు లేదు. పాత పేపర్ల దుకాణంలో తూకానికి కొన్న పుస్తకాలే నా చదువు. అయినా ఆ ఒక్క సంగతి నాకు తెలుసు, కళ్లారా చూశాను గనక.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. సేటు కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాడు, నేను ఇక్కడి అల్మాస్‌గూడ వాణ్ని. షామియానాది ఏ జిల్లా అని మాత్రం ఎవరూ అడగలేదు. దీక్షా శిబిరానికీ అదే, పెళ్లికీ అదే. కానీ పెళ్లిళ్ల తీరు మారుతోంది. జనం ఫంక్షన్ హాళ్లకు పోతున్నారు, వీధిలో షామియానా వేయించుకునేవాళ్లు తగ్గిపోయారు. అప్పుడు కర్మన్‌ఘాట్‌లో కొత్తగా హాలు కట్టినాయన సేటును పిలిచి సూటిగా చెప్పాడు.

"బఫే సామాను కొనుక్కో. ఆదివారం మొదటి పెండ్లి. మంచిగ చేస్తె హాలు పని మొత్తం నీదే. లేకుంటె వేరేటోళ్లను చూస్కుంట."

ఆ హాలు దొరికితే దుకాణం నిలబడుతుంది, చేజారితే షటర్ దించుకోవడమే. సేటు కొత్త సామాను కొన్నాడు. ఆ రోజు చివరగా మాట్లాడింది ఆయన భార్య కావడం మా అదృష్టం. కింద మంట పెట్టే స్టాండ్లు, మధ్యలో గిన్నెలు, పైన అద్దాల్లాంటి మూతలు. మూతలు విడిగా సంచుల్లో వచ్చాయి.

ఆ ఆదివారమే ఎల్బీనగర్ చౌరస్తాలో వంటా వార్పు పెట్టుకున్నారు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే కూర్చుని తిని నిరసన తెలపడం. దానికి గుండిగలు, గరిటెలు మావే.

శనివారం సాయంత్రం నేను సేటుకు విడమరిచి చెప్పాను. "సేటూ, పాత సామాను చౌరస్తకు, కొత్త సామాను హాలుకు. కలపకు."

"అంతే పెద్దాయనా, అంతే."

ఆ మాట పట్టుకుని మూతల సంచులు కర్మన్‌ఘాట్ ట్రాలీ ఆటోలోకి ఎక్కించి, తివాచీల కోసం వెనక గోదాంలోకి పోయాను. అదే నేను చేసిన పని. ఆ సందులో చౌరస్తా కార్యక్రమం చూసుకునే పిలగాడొకడు వచ్చాడట. "అన్నా, రేపు టీవీలోళ్లొస్తున్నరు. జర మంచి సామాను ఇయ్యరాదే" అన్నాడట. "అలాగే తమ్ముడూ" అన్నాడట మా సేటు. మిగిలిన స్టాండ్లు, గిన్నెలు ఎల్బీనగర్ బండెక్కాయి. రెండు బండ్ల మీదా పట్టా కప్పి తాడు కట్టేశారు. నాకేం తెలుసు?

మర్నాడు హాల్లో సంచులు విప్పితే మూతలు, మూతలు, ఇంకా మూతలు. తలంబ్రాలు పడుతున్నాయి, వంటశాలలో బగారా అన్నం పొగలు కక్కుతోంది, బల్లల మీద తెల్లగుడ్డ తప్ప ఏమీ లేదు. హాలాయన ఒక మూత పట్టుకుని నా ముందుకొచ్చాడు.

"ఏందయ్యా గిది? దేని మీద పెట్టాలె? నా నెత్తి మీదనా?"

ఆయనది బట్టతల. సరిగ్గానే పట్టేది. ఆ మాట పైకి అనకుండా స్కూటర్ తీశాను.

చౌరస్తాలో దృశ్యం చూసి తీరాలి. జెండాల మధ్య, తారు రోడ్డు మీద, మా బఫే గిన్నెలు వరసగా తళతళలాడుతున్నాయి. వాటిలో కిచిడీ. ప్లేటు పట్టుకుని వరసలో నిలబడ్డవాళ్లలో ఇద్దరు కానిస్టేబుళ్లు కూడా ఉన్నారు. ఎలా జరుగుతోందో చూద్దామని వచ్చిన సేటును పట్టుకుని చాప మీద కూర్చోబెట్టారు.

"సేటూ, గిన్నెలు ఇప్పుడే హాలుకు పోవాలె" అన్నాను.

"అవునవును, పదండి."

"ఇప్పుడే కిచిడీ పోసినం గదనే" అన్నాడు ఆ పిలగాడు.

"అదీ నిజమే. తినేయనివ్వండి పెద్దాయనా."

"తాళి కట్టుడు అయిపాయె సేటూ!"

"అయ్యో, అయితే వెంటనే."

"జనం ఎండల నిలవడ్డరు అన్నా."

"పాపం, ఎండ."

ఇంతలో ఫోన్ మోగింది. హాలాయన గొంతు అందరికీ వినబడింది. "పెండ్లోళ్లు లేస్తున్నరు. ఒస్తున్నయా, రావా? రెండిట్ల ఒకటి చెప్పు. లేకుంటె ఇగ రాకు."

సేటు నా మొహం చూశాడు, పిలగాడి మొహం చూశాడు. పిలగాడు నవ్వేశాడు.

"అన్నా, ఏండ్ల సంది మేము ఢిల్లీని అడుగుతున్నది గీ ఒక్క ముచ్చటే. ఇస్తరా, ఇయ్యరా, తేల్చున్రి అని. ఇప్పుడు నువ్వు గూడ ఢిల్లీ లెక్కనే చేస్తె ఎట్లనే? చెప్పు. ఏది చెప్తె గది. మేము ఇస్తరాకులల్ల తింటం."

చుట్టూ నవ్వులు. సేటు నవ్వలేదు. చాప మీంచి లేచి నిలబడ్డాడు.

"వస్తున్నాయి" అని ఫోన్‌లో చెప్పి దాన్ని ఆపేశాడు. తర్వాత మావైపు తిరిగి, చేతులు రెండూ ఎత్తి, "గిన్నెలు పెళ్లికి. ఇక ఎవరూ నాతో ఒక్క మాట కూడా మాట్లాడకండి, దణ్ణం పెడతాను" అన్నాడు.

నిజంగానే ఎవరూ మాట్లాడలేదు. కిచిడీ తిరిగి గుండిగలోకి పోయింది. కుర్రాళ్లే ట్యాంకర్ నీళ్లతో గిన్నెలు తోమి ట్రాలీలోకి ఎక్కించారు, నినాదాలతో దారి చేసి పంపారు. రెండు బంతులకు సరిపడేంతమంది అలిగి వెళ్లిపోయినా, పెళ్లివారు తిన్నారు. హాలాయన ఓ వారం మూతి ముడుచుకున్నా, పని మాత్రం మాకే ఇచ్చాడు.

ఆ తర్వాత సేటు నన్ను పిలిచాడు. పాత షామియానాలూ గుండిగలూ అమ్మేస్తున్నానన్నాడు. గోదాం ఖాళీ చేయమన్నాడు. నేను వాదించాను. అందరినీ బయటికి పంపి, చివరి మాట నాదే అయ్యేలా చూసుకుని, మళ్లీ వాదించాను.

"లేదు పెద్దాయనా" అన్నాడు. ఇన్నేళ్లలో ఆ మాట ఆయన నోట నేను వినలేదు. నాకు కోపం వచ్చింది. స్పష్టంగా చెప్పు మొర్రో అని మొత్తుకున్న పాపానికి మొదటి స్పష్టత నా గోదాం మీదే పడాలా?

హాల్లో పని ఇచ్చాడు. తెల్ల చొక్కా, మెడకు నల్ల బో టై కట్టుకుని వడ్డన దగ్గర నిలబడమన్నాడు.

"గది నేను కట్టుకోను" అన్నాను.

బతిమాలతాడనుకున్నాను. ఆయన కనీసం తల గోక్కోలేదు.

"సరే. అయితే వంటశాలలో ఉండండి" అని నడుచుకుంటూ పోయాడు.