సూపింగ్ వెళ్లని చావు

ల్యావ్ సూపింగ్ ఇంట్లో ఇరవయ్యేళ్లుగా ఎవరూ తువ్వాలు కొనలేదు. యున్‌లిన్ తీరపు రాజకీయ చరిత్ర రాసినవాళ్లు ఎన్నికల గురించీ ముఠాల గురించీ సముద్రపు గట్ల గురించీ పేజీలు నింపారు గాని, ఇంత ముఖ్యమైన సంగతిని ఒక్కరూ పట్టించుకోలేదు. ఆ లోటు ఇక్కడైనా తీరాలి.

చావింటికొచ్చి వంగి దణ్ణం పెట్టిన ప్రతి మనిషి చేతిలోనూ ఆ ఇంటివాళ్లు ఒక తువ్వాలు పెట్టి పంపడం అక్కడి మర్యాద. పట్టణ సభలో ఎనిమిదేళ్లు, జిల్లా సభలో ఎనిమిదేళ్లు, ఆపైన రాజధాని తైపేలో శాసనసభ్యురాలిగా దాదాపు నాలుగేళ్లు, సూపింగ్ తన ప్రాంతంలో ఒక్క చావూ తప్పలేదు. శవాన్ని సాగనంపడానికి పంచాంగంలో మంచిరోజు పడితే ఒక్క పొద్దుటే ఏడిళ్లు తిరిగేది. కారు వెనక సీట్లో చావులకు నల్లకోటు, పెళ్లిళ్లకు ఎర్రకోటు ఎప్పుడూ వేలాడుతుండేవి. ఒకసారి ఎర్రకోటుతోనే శవం ముందు నిలబడిందని ప్రత్యర్థులు ప్రచారం చేశారు. అది పచ్చి అబద్ధం. కారు దిగకముందే డ్రైవరు చూశాడు.

“మన జనం చచ్చినంతకాలం మనకు తువ్వాళ్లకు కరువు లేదు. ఆ చేత్తోనే వంటనూనె పంచే ఆచారం కూడా పెట్టించరాదూ?” అనేవాడు మొగుడు తెంగ్‌చువాన్, ఆల్చిప్పల మడుల్లోంచి వచ్చి కాళ్లు తుడుచుకుంటూ.

ఆమె నవ్వేది కాదు. ఆమె కూలికి ఆల్చిప్పలు ఒలిచే రోజుల్లో తండ్రి పోతే తొమ్మిదిమంది వచ్చారు. దణ్ణానికి ఒక్కొక్కరినీ మైకులో పిలిచే ఆయన, పిలవడానికి పేర్లు లేక దగ్గుతూ నిలబడ్డాడు. అప్పుడు శాకెంగ్ గ్రామంనుంచి తింగ్ అనే పెద్దాయన వచ్చి, మూడుసార్లు వంగి, చివరిదాకా కూచుని వెళ్లాడు. ఆ ఏడే ఆమెను ఎన్నికల్లో నిలబెట్టిందీ ఆయనే.

“ఎవరొచ్చారో చావింటివాళ్లు మరిచిపోరమ్మా. ఎవరు రాలేదో అసలే మరిచిపోరు” అన్నాడు.

ఆమె చదువుకున్న రాజకీయశాస్త్రం అంతే.

శాసనసభలో ఆమె నాలుగో ఏడు నవంబరులో ఆ పెద్దాయనే పోయాడు. శాకెంగ్ నేల ఏటేటా కుంగుతోంది. తుఫానొస్తే ఇళ్లలో మోకాటిలోతు నీళ్లు. “మంచం మీద కూచుని చేపలు పట్టే యోగం తప్పించు తల్లీ” అని ఆయన ఆమెను అడిగింది ఒక్కటే, నీళ్లు తోడే పంపు. ఆ పంపును చేర్చిన వరద బిల్లు మీద ఓటింగు, పంచాంగం చూసి ఆయన కొడుకు వాన్‌చిన్ అంత్యక్రియలకు పెట్టించిన ముహూర్తం, రెండూ ఒకే రోజున పడ్డాయి. “ఒక్క ఓటు తేడాలో ఉన్నాం. కడుపునొప్పొచ్చినా ఇక్కడే పడుకోండి” అని పార్టీ హుకుం.

వాన్‌చిన్ ఆ ఊరి మత్స్యకారుల సంఘానికి పెద్ద. శాకెంగ్ ఓట్లు అతని గుప్పిట్లోవి. స్వయంగా ఫోన్ చేశాడు.

“అక్కా, పది గంటలకి. మొదటి పిలుపు నీదే.”

“ఆ రోజు నేను సభలో ఉండాల్రా. మీ ఊరి పంపు కోసమే. నాన్న అడిగిన పంపు.”

“పంపు ఇవాళ కాకపోతే రేపొస్తుంది. నాన్న మళ్లీ చావడు.”

“నాన్నే ఉంటే నన్నక్కడే కూచోమనేవాడు.”

“నాన్న లేడుగా. నేనున్నా. జనవరిలో ఓట్లడగడానికి వస్తావుగా, అప్పుడు మాట్లాడుకుందాంలే.”

ఆ రాత్రంతా ఆలోచించి, పొద్దున్నే ఆమె నల్లకోటు మొగుడి చేతికిచ్చింది. దాని బొత్తాలు అతనికి పట్టలేదు.

చావింట్లో మైకాయన “గౌరవనీయ శాసనసభ్యురాలు ల్యావ్” అని పిలిచాడు. తెంగ్‌చువాన్ పొట్ట బిగబట్టి ముందుకొచ్చాడు.

“మనిషి రాలేదా?”

“మొగుణ్ణి పంపింది.”

“తైపే నీళ్లు తాగాక పెద్దాయనెక్కడ గుర్తుంటాడూ!”

కంగారులో అతను నాలుగుసార్లు వంగాడు. సరిగ్గా ఆ వేళకు సభలో సూపింగ్ తన సీటు దగ్గర లేచి, శాకెంగ్ ఉన్న దక్షిణానికి తిరిగి వంగింది.

“ఏం పడిపోయింది?” అని పక్కాయన బల్లకింద చూశాడు.

“ఏం లేదు.”

ఆ సాయంత్రం బిల్లు గట్టెక్కింది. జనవరిలో సూపింగ్ ఆరువందల పన్నెండు ఓట్లతో ఓడిపోయింది. శాకెంగ్‌లో అంతకుముందెన్నడూ ఆమెకు ఓట్లు తగ్గింది లేదు.

ఓడినవాళ్లూ మర్నాడు ఊళ్లు తిరిగి ఓటర్లకు దణ్ణాలు పెట్టాలి. చిన్న ట్రక్కు మీద నిలబడి అటూ ఇటూ వంగుతూ ఆమె శాకెంగ్ వీధిలోకొచ్చింది. తలుపులు మూసే ఉన్నాయి. తింగ్ పెద్దాయన భార్య ఒక్కతే కర్ర పొడుచుకుంటూ రోడ్డుకు అడ్డం వచ్చింది. సూపింగ్ ట్రక్కు దిగింది.

“మావాడు నీమీద ఇంకా నిప్పులు కక్కుతున్నాడే.”

“తప్పు నాదే అవ్వా. రావలసింది.”

“వాడి మొహం, వాడికేం తెలుసు! ఆ రోజు నీ ఒక్క చెయ్యి లేవకపోతే పంపు వచ్చేదే కాదట కదా? అగరొత్తులు వెలిగించినప్పుడల్లా మీ పెద్దాయనకి అదే చెబుతున్నా. వింటున్నాడులే.”

సూపింగ్ ఏదో చెప్పబోయింది. ముసలామె కళ్లలోకి చూసి ఆగిపోయింది. నడుము వంచి, చాలాసేపు అలాగే ఉండి, ట్రక్కెక్కింది.

ఆ బిల్లు మీద ఓటింగు జరగలేదు. ప్రతిపక్షం ఓటింగు వేళకు ముందే ఒప్పుకుంది. అభ్యంతరం ఎవరికీ లేదు గనక సభాపతి సుత్తి కొట్టి ఆమోదించాడు.