సుద్ద రాసుకోని ఆదివారాలు

ఇది ఒక వీరుడి కథ. ఒంటిచేత్తో యుద్ధం చేసినవాడు, తన ఓటమిని తన చేత్తోనే రాసుకున్నవాడు, పలాస నుంచి బారువ దాకా పేరు మోగినవాడు. పర్వాలు పర్వాలుగా రాయాల్సినంత ఉంది.

అంత లేదు. పలాసలో ఒక జీడిపప్పు గోడౌను, దాని మీద రేకుల షెడ్డు, షెడ్డులో ఒక పూల్ టేబులు, టేబులు చుట్టూ తొమ్మిదిమందిమి. పేరు మోగడం సంగతంటారా, బారువలో మా చిన్నత్త ఉంది. ఆవిడకి తెలుసు.

క్లబ్బు ఓనరుని అందరం మావా అనే పిలుస్తాం. ఆయన ఎక్కడో చూసొచ్చి గోడకి ఒక నల్లబోర్డు కొట్టాడు. దాని మీద మా పేర్లు, పేరు పక్కన ఒక నంబరు, రెండు నుంచి ఏడు దాకా. రెండంటే కర్ర ఏ వైపు పట్టుకోవాలో ఈ మధ్యే తెలిసినవాడు. ఏడంటే బంతులు భయపడి వాటంతటవే గుంటల్లోకి దూకుతాయి. నీ నంబరెంతో నువ్వు గెలవాల్సిన గేములు అన్ని. ఆరు నంబరువాడు మూడు నంబరువాడితో ఆడితే వాడు ఆరు గెలవాలి, వీడికి మూడు చాలు. ఆదివారం సాయంత్రం మావ వారం ఫలితాలు చూసి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, నంబర్లు సవరిస్తాడు. ఆ ఐదు నిమిషాలూ నిలబడినంత బుద్ధిగా పదో తరగతి రిజల్టు రోజు కూడా మాలో ఎవరూ నిలబడలేదు.

నాది నాలుగు. మా బావది ఆరు. బావంటే మా మేనత్త కొడుకు, ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు చూసుకుంటాడు. నాకు కర్ర పట్టడం నేర్పింది అతనే. అతని కర్ర విశాఖపట్నం నుంచి తెప్పించుకున్నది, రెండు ముక్కలు, మధ్యలో ఇత్తడి మర. ఆ మర బిగిస్తున్నంతసేపూ ఎవరూ మాట్లాడకూడదు. బిగించడం అయ్యేసరికి ఎదుటివాడు సగం ఓడిపోయి ఉండేవాడు. మిగతా సగం మాత్రం ఆడి ఓడించాల్సొచ్చేది. అంత ఆటగాడికీ ఏడు ఎప్పుడూ రాలేదు. ఆరేళ్ళపాటు ఆరు దగ్గరే ఉన్నాడు.

తర్వాత అతని కిడ్నీలు పాడయ్యాయి. మా ఉద్దానంలో ఇది వార్త కాదు. ఎవరికైనా చెబితే, "అయ్యో" అనే ముందు "ఏ ఆస్పత్రి?" అంటారు. వారానికి మూడుసార్లు డయాలసిస్. దానికోసం ఎడమచేతిలో నరాలు కలిపి కుట్టారు. అక్కడ వేలు పెడితే లోపల చిన్న మోటారు తిరుగుతున్నట్టు ఉంటుంది. "తోటలో బోరుకన్నా ఇదే బాగా ఆడతంది" అనేవాడు. ఆ చేతికి వాచీ పెట్టకూడదు, దాంతో బరువు ఎత్తకూడదు, దాని మీద బరువు మోపకూడదు. డాక్టరు చెప్పిన జాబితాలో పూల్ అనే మాట లేదు. కానీ పూల్‌లో కుడిచెయ్యి చేసేది కర్రని తోయడమే. వంగిన ఒంటిని మోసేదీ, కర్రకి దారి చూపేదీ టేబులు మీద ఆనిన ఎడమచెయ్యి.

రెండు నెలలయ్యాక మళ్ళీ క్లబ్బు మెట్లెక్కాడు. మర బిగించాడు. ఎవరూ మాట్లాడలేదు, ఈసారి వేరే కారణానికి. ఎడమచెయ్యి గుడ్డకి ఆనీ ఆననట్టు పెట్టి కొట్టాడు. కర్ర కొస వణికింది. తెల్లబంతి ఎటో వెళ్ళిపోయింది, పరిచయం లేనట్టు. అయినా నేను కూడా వరసగా తప్పాను కాబట్టి కిందామీదా పడి ఆఖరి గేము దాకా లాక్కొచ్చాడు. చివరికి నాకు నల్లబంతి ఒక్కటి మిగిలింది, గుంట మూతి మీద. వేస్తే నేను గెలుస్తాను, అతని ఆరు పోతుంది. తప్పాను.

ఇది నేను చేసిన గొప్ప త్యాగం అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు కూడా, త్యాగం అంటే అంతే కదా అని. ఆ తర్వాతి వారాల్లో తెలిసిందేమిటంటే, మా తొమ్మిదిమందిలో మెకానిక్కూ అదే త్యాగం చేశాడు, మందుల షాపువాడూ చేశాడు, మావ స్వయంగా రెండుసార్లు చేశాడు. ఎవరికి వారు తానొక్కడే మంచివాడిననుకుంటూ ఎనిమిదిమందిమి పోటీలు పడి ఓడిపోయాం. అంత మంచి ఫాములో మేం ఎప్పుడూ లేం.

ఫలితాలు చూసి నంబరు వేసే పద్ధతికి జాలి అంటే ఏంటో తెలియదు. నెలన్నరకి ఒక ఆదివారం మావ ఫలితాలు చూశాడు, మళ్ళీ చూశాడు, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. చేసేదేం లేక బావ పేరు పక్కన ఆరు చెరిపి ఏడు వేశాడు. ఒంట్లో బాగున్న ఆరేళ్ళలో రాని ఏడు, కిడ్నీలు పోయాక వచ్చింది. అందరం చప్పట్లు కొట్టాం. ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

అదే వారం టెక్కలిలో ఇంకో క్లబ్బువాళ్ళు పోటీ పెట్టారని తెలిసింది. భావనపాడు నుంచి కూడా ఒకడు వస్తున్నాడట, పొద్దుట పడవ దిగి సాయంత్రం బంతులు కొట్టే రకం. బావ వెళ్తానన్నాడు. ఏడు నంబరుతో వెళితే ఏమవుతుందో నాకు అర్థమైంది. అక్కడ అతని మీద ఎవరికీ జాలి లేదు. నిజానికి మూడో నాలుగో ఆడే మనిషి, అపరిచితుల ముందు ఏడు గేములు గెలవాలి.

డయాలసిస్ రోజుల్లో బండి మీద తెచ్చి దింపేది నేనే. ఆ శుక్రవారం దారిలో టీ దగ్గర ఆపమన్నాడు. నీళ్ళు కొలతేసి తాగాలి కాబట్టి అతనికి పావు గ్లాసు, నాకు నిండా.

"ఒరే, ఒకటడుగుతాను, నిజం సెప్పు."

"అడుగు బావా."

"గెలవాలనుకున్న దెబ్బకి ముందు నువ్వు కర్ర కొసకి సుద్ద రాస్తావు. ఔనా?"

"అందరూ రాస్తారు, కొస జారకుండా."

"నువ్వు మూడుసార్లు రాస్తావు. ఊదుతావు కూడాను. నెలన్నర్నుంచీ నాతో ఆడినప్పుడు సుద్దముక్క ముట్టుకోనేదు."

నేను టీ తాగాను. అప్పటికే గ్లాసు ఖాళీ, అయినా తాగాను.

"ఎప్పుట్నుంచి తెలుసు బావా?"

"మొదటి రోజే. నల్లబంతి గుంట మూతి మీదుంది. మా అమ్మ కొంగుతో ఇసిరినా పడిపోద్ది. తప్పీసినావు."

"మరప్పుడే సెప్పొచ్చు కదేటి!"

అతను రోడ్డు వైపు చూశాడు. "బోర్డు మీద నా పేరు పక్కన ఏడు ఎలాగుంటాదో సూద్దారనిపించింది."

"ఎలాగుంది?"

"ఏటుంది. మావ సేతిరాత."

నవ్వాను. అతను నవ్వలేదు.

"ఆస్పత్రిలో నా నంబరు నీకు సెప్తారు, మా అమ్మకి సెప్తారు. నాకొచ్చి 'కొంచెం తగ్గింది బావా' అంటావు. క్లబ్బుకెళ్తే అక్కడా అంతే. నా సంగతి నాకు తప్ప ఊరందరికీ తెలుసు. ఒక్క సోటైనా నిజం నంబరు ఉండాల్రా."

ఆ రక్తపరీక్ష రిపోర్టుల మాట నిజమే, అందులో నంబరు తగ్గితేనే మంచిది. కొంచెం తగ్గింది అని నేను ఎన్నిసార్లు చెప్పానంటే, లెక్క ప్రకారం అది ఈపాటికి సున్నా దాటి కిందికి పోయుండాలి.

"ఆదివారం సుద్ద రాసుకుని ఆడు" అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం నేను సుద్ద తీసి మూడుసార్లు రాశాను. ఆ కిచకిచకి షెడ్డులో అందరికీ సంగతి అర్థమైంది. మెకానిక్కు తల వంచుకున్నాడు, పాపం, వాడి త్యాగం కూడా బయటపడింది.

మూలన ఒక స్టాండు కర్ర ఉంటుంది, చివర ఇత్తడి చీలికతో. చెయ్యి అందని బంతికి దాన్ని టేబులు మీద పెట్టి, ఆ చీలికలో కర్ర ఆనించి కొట్టాలి. మేం దాన్ని ముసలోడి కర్ర అంటాం. ఎవడు ముట్టుకున్నా, "తాతా, మందులేసుకున్నావా?" అని ఏడిపిస్తాం. బావ నడిచెళ్ళి దాన్ని తెచ్చుకున్నాడు. ఎవరూ నోరెత్తలేదు.

"ఏట్రా, అడగరేటి?" అన్నాడు.

వెనకనుంచి మందుల షాపువాడు, బితుకుబితుకుగా, "తాతా, మందులేసుకున్నావా?"

"పొద్దున్నే తొమ్మిది."

అప్పుడు అందరూ ఊపిరి వదిలారు. ఆట మొదలైంది. ప్రతి దెబ్బా ఆ స్టాండు మీద నుంచే కొట్టాడు. నేను నాలుగు గేములు గెలిచాను, అతను ఒకటి. ఆ ఒకటీ నేనివ్వలేదు, గట్టిగానే పోరాడి పోగొట్టుకున్నాను. మెకానిక్కుతో ఓడాడు. మావ మీద మాత్రం రెండు గెలిచాడు.

సాయంత్రం మావ సుద్దముక్క పట్టుకుని బోర్డు దగ్గర బేరం పెట్టాడు. "ఐదు రాత్తాను. ఐదు బాగుంటాది కదా?"

బావ ఏడుని అరచేత్తో చెరిపి, మావ చేతిలోంచి సుద్ద తీసుకుని మూడు వేశాడు.

"నాలుగు పెట్టు బావా" అన్నాను.

"నీతో సమానమేట్రా? నిన్ను ఒక్క గేమేగా గెలిసేను. మూడు."

"మూడు వంకరొచ్చింది."

"సేతిరాత నాది."

మెట్లు దిగుతున్నప్పుడు, అతను ముందు, నేను వెనక, శుక్రవారం రిపోర్టులో నంబరు చెప్పేశాను. అతను ఒక మెట్టు మీద ఆగి, గోడ పట్టుకున్నాడు.

"ఎక్కువే" అన్నాడు.

"ఎక్కువే" అన్నాను.

తలూపి, మిగతా మెట్లు దిగాడు. కింద బండి దగ్గర నిలబడి టెక్కలి క్లబ్బుకి ఫోను చేసి, నేను వినాలని స్పీకరు పెట్టాడు. పేరు చెప్పి, "నంబరు మూడని రాసుకోండి" అన్నాడు, కొంచెం గట్టిగానే.

"నంబర్లు మేం సూడం బావూ" అన్నాడు అవతలివాడు. "ఎవరికైనా ఐదు గేములే. పదింటికొచ్చీండి. బండి ఎనక సందులో పెట్టుకోండి, ముందు పెడితే సిమెంటు కొట్టోడు గాలి తీసేత్తన్నాడు."