ప్రార్థన మధ్యలో వచ్చిన పేజీ

ఇంటర్నెట్ నెమ్మదించిందని ఫోను చేసిన ప్రతిసారీ అవతలివారు చెప్పే వైద్యం ఒక్కటే: ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేయండి. తలనొప్పికీ, విరిగిన కాలికీ ఒకే మాత్ర ఇచ్చే వైద్యుణ్ని ఎవరైనా రెండోసారి గడప ఎక్కనిస్తారా? ఈ ప్రశ్న నేను వారికి ఫోనులోనే వేశాను. జవాబుగా నాకు సన్నాయి సంగీతం వినిపించారు.

పోయిన ఎండాకాలం మాట ఇది. మాది బేతంచెర్ల. ఒక గని కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ని. ఏ లారీ ఎప్పుడు వచ్చింది, ఏ రంగు బండలు ఎక్కించుకుంది, దారిలో ఎన్ని పగిలాయి అని రాయడమే నా ఉద్యోగం. ఉద్యోగం ముగిసినా రాత ముగియలేదు. ఇంట్లో గ్యాసు సిలిండరు మార్చినా, ఫ్యాను మరమ్మతుకు వెళ్లినా తేదీ వేసి రాసిపెడతాను. కంప్యూటరులో పేజీలు రావడం ఆలస్యమైనప్పుడు దాన్ని కూడా రాయడం మొదలుపెట్టాను. అయితే ఈసారి రాసుకుని ఊరుకునే పరిస్థితి కాదు. మా ఆవిడ పరీక్ష రాయబోతున్నది.

మా చర్చిలో స్త్రీల కూడికకు ఆమె ఎన్నో ఏళ్లుగా పెద్దదిక్కు. కీర్తనలు ఎత్తుకునేది ఆమె, వాక్యం చెప్పేది ఆమె. ఇకమీదట వాక్యం చెప్పేవారికి బైబిలు పాఠాల సర్టిఫికెట్ ఉండి తీరాలని సంఘ పెద్దలు నిర్ణయించారు. ఆమె మారుమాట్లాడకుండా చేరి, కందిపప్పు ఉడుకుతున్నంతసేపూ పొయ్యి పక్కన కూర్చొని చదివింది. పరీక్ష శనివారం ఉదయం, ఇంటర్నెట్‌లో. ఫోనులో రాయడానికి వీల్లేదు, కంప్యూటరు తప్పనిసరి. ప్రశ్నకు ఒక పేజీ. గడువు దాటితే పరీక్ష దానంతటదే మూతబడుతుంది; మళ్లీ అవకాశం మరుసటి ఏడాదే.

సోమవారం ఆమె నమూనా పరీక్షకు కూర్చుంది. మొదటి ప్రశ్నకు జవాబు గుర్తించింది. రెండో ప్రశ్న రావలసిన చోట ఒక చిన్న వలయం తిరగడం మొదలుపెట్టింది. అది తిరుగుతుండగానే గడువు ముగిసింది. ఆమె కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

“జవాబు రాకపోతే నా తప్పు. ప్రశ్నే రాకపోతే ఎవరి తప్పయ్యా?” అంది. కాసేపటికి తనే అంది: “పోనీలే. ఇంగ కూడికలో ఎనకాల చాప మీద కూచుంటా.”

ఆ మాటతో నాకు పట్టుదల వచ్చింది. శనివారంలోగా ఈ వలయం అంతు చూడాలని నిశ్చయించుకున్నాను.

మా ఇంటి అమరిక చెప్పాలి. కంప్యూటరు వీధి గదిలో ఉంటుంది. ఇంటర్నెట్‌ను గాలిలో పంచే రూటరు వంటింటి పక్క గదిలో, గోడకు బిగించిన బండల అలమారలో ఉంటుంది. మా ఊళ్లో బండల పాలిషు యంత్రాలు ఆడినంతసేపూ తెల్లని పొడి లేస్తుంది కనుక విలువైన ప్రతి వస్తువూ మూత కింద ఉండవలసిందే. నీళ్ల బిందెకు మూత, టీవీకి గుడ్డ, మిక్సీకి తొడుగు. మా అత్తగారి నాటి బైబిలు, కీర్తనల పుస్తకం అదే అలమారలో ఒక చిన్న ఇనుప పెట్టెలో ఉంటాయి. వెనక వీధిలో కొత్త పాలిషు ఫ్యాక్టరీ పెట్టిన వారం, మా ఆవిడ రూటరును శుభ్రంగా తుడిచి ఆ పెట్టెలోనే, బైబిలు పక్కన పెట్టింది. మూల తుప్పుపట్టి పడిన రంధ్రంలో నుంచి వైర్లు లోపలికి పోయాయి. పని పద్ధతిగా ఉందని నేను మెచ్చుకున్నాను కూడా.

మంగళవారం పని మొదలుపెట్టాను. బ్రౌజరులో పేరుకున్న పాత సరుకంతా తుడిచేశాను. అనవసరంగా తెరిచి ఉన్నవన్నీ మూశాను. వైరస్ ఉన్నదేమో వెతికించాను. వార్తల పేజీ, వాతావరణం పేజీ, బ్యాంకు పేజీ ఒక్కొక్కటే తెరిచి చూశాను. అన్నీ నత్తలే. అంటే దోషం పరీక్ష పెట్టేవారిది కాదు; అది నా ఇంటికో, ఇంటికి వచ్చే లైనుకో సంబంధించినది. ఈ మాత్రం తేలడమే నాకు కొండెక్కినంత సంబరమైంది.

అప్పుడు నా పుస్తకం తిరగేశాను. ఫ్యాక్టరీ యంత్రం మొదలైన వారమే పేజీలు నెమ్మదించాయి. ఇంకేముంది, దొంగ దొరికాడు. ఆ యంత్రం కరెంటు లాగేస్తున్నది, రూటరుకు బలం చాలడం లేదు. ఫ్యాక్టరీ యజమానికి ఒక అర్జీ రాశాను. నిజానికి ఆ అర్జీ చాలా చక్కగా కుదిరింది. ఇవ్వడానికి వెళ్లేసరికి గేటుకు తాళం. బెల్టు తెగి, ముందురోజు నుంచీ యంత్రం ఆడడం లేదట. యంత్రం ఆడని రోజు కూడా నా పేజీ కదలలేదు కదా. అర్జీ మడిచి జేబులో పెట్టుకుని, పట్టరాని కోపంతో ఇంటికి వచ్చాను. కోపం ఎవరి మీదో మాత్రం తెలియలేదు.

గురువారం లైను చూసే మనిషి వచ్చాడు. పెట్టె మూత ఎత్తి, రూటరు దీపాలు చూసి, దాని ముందే నిలబడి తన ఫోనులో ఏదో కొలిచాడు.

“లైను బ్రహ్మాండంగా ఉండాది సార్.”

“బ్రహ్మాండం నీ ఫోన్లో ఉండాదప్పా. నా కంప్యూటర్లో లేదు.”

“అయితే కంప్యూటర్ మార్చండి సార్. దానికీ రిటైర్మెంటు వయసొచ్చినట్టుండాది.”

వంటింట్లోంచి మా ఆవిడ అందుకుంది: “దాన్ని మార్చేది సులువే నాయనా. దాని ముందర కూచున్నాయన్ని యాడ మార్చేది?”

అతను నవ్వుతూ వెళ్లిపోయాడు. ఆమె పెట్టె మీది వేలిముద్రలు తుడిచి మూత వేసింది. నేను వచ్చి చూస్తే వలయం తిరుగుతూనే ఉన్నది.

శుక్రవారం సాయంత్రం దీపాలు పెట్టే వేళకు నమూనా పరీక్షను మరోసారి తెరిచి, దాని మానాన దాన్ని వదిలి, కుటుంబ ప్రార్థనకు కూర్చున్నాను. ఆమె పెట్టెలోంచి బైబిలు తీసుకొచ్చి ఒక అధ్యాయం చదివింది. తర్వాత కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. పొరుగువారి కోసం, వానల కోసం, రేపటి పరీక్ష కోసం. నేను కూడా కళ్లు మూసుకోవలసినవాణ్నే. కానీ నా చూపు గుమ్మంలోంచి కంప్యూటరు మీదికి పోయింది.

వలయం లేదు. ప్రశ్న ఉన్నది.

లేచి వెళ్లి జవాబు నొక్కాను. తరువాతి ప్రశ్న రెప్పపాటులో వచ్చింది. ఆ తరువాతిదీ వచ్చింది.

“ఆమేన్ అన్నంక లేస్తే దేవుడు వద్దంటాడా?” అని వెనకనుంచి మాట.

“పేజీ వస్తాండాదిమ్మే. గుర్రం మాదిరి పోతాండాది.”

“నేను ప్రార్థనలో అడిగినా. వచ్చింది,” అని ఆమె నింపాదిగా బైబిలు తీసుకుని లోపలికి వెళ్లింది. నేను మరో జవాబు నొక్కాను. వలయం తిరిగింది. తిరుగుతూనే ఉన్నది.

“ఇప్పుడేం జేసినావు?” అన్నాను.

“ఏం జేసినా? బైబిలు పెట్టెలో పెట్టినా.”

“పెట్టినాక?”

“మూతేసినా. తెరిచిపెడితే దుమ్ము పడదా?”

నేను కుర్చీలోంచే కేకవేశాను: “తెరు.”

“తెరిచినా.”

పేజీ వచ్చింది. “మూయి.” పేజీ ఆగింది. “తెరు.” వచ్చింది. ఒకసారి కాకతాళీయం కావచ్చు. నేను నాలుగైదుసార్లు చేయిస్తే గానీ ఒప్పుకునే మనిషిని కాను.

“ఏమయ్యా, నేనేమన్నా రైల్వే గేటునా?” అని ఆమె గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ముఖం మాత్రం వెలిగిపోతున్నది.

రూటరు గాలిలోకి పంపేదాన్ని ఇనుము లోపలే ఆపేస్తున్నది. సందుల్లోంచి కారిన కాస్తతోనే నా కంప్యూటరు బతుకీడుస్తున్నది. లైను మనిషి మూత ఎత్తి కొలిచాడు గనుకనే అతనికి అంతా బ్రహ్మాండం. దుమ్ముకు భయపడి, బైబిలు వద్దన్నట్టే దీపాన్ని కుంచం కింద పెట్టి, వెలుగు రాలేదని ఊరంతటి మీదా అరిచాను. ఆ మాట ఆమె అనకముందే నేనే అనేశాను.

రూటరును బయటికి తీసేద్దామంటే, పరీక్ష ముందురోజు వైర్లు పీకడానికి నాకు ధైర్యం చాలలేదు. మూత తెరిచి ఉంచి, పైన పలచని పాత చీర ముక్క కప్పాలని ఒప్పందం చేసుకున్నాం.

శనివారం ఆమె తలస్నానం చేసి, చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుని, బైబిలు చదువుకుని, వచ్చి కంప్యూటరు ముందు కూర్చుంది. వేళ అయింది. పేరు, సంఖ్య కొట్టి ‘ప్రారంభించు’ నొక్కింది. వలయం తిరిగింది.

ఆమె నావైపు చూసింది. నేను ఆమె చేతులవైపు చూశాను. అవి బైబిలు పెట్టెలో పెట్టి వచ్చిన చేతులు, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ మూత వేసిన చేతులు. నేను పరుగెత్తాను. ఈ వయసులో పరుగు అనదగినది ఏదైతే అది. మోకాలు మంచానికి కొట్టుకుంది. మూత ఎత్తాను.

“వచ్చింది,” అని వీధి గదిలోంచి వినిపించింది.

ఇక ఆ మూతను నేను నమ్మలేదు. ఫ్యాను గాలికి పడుతుందేమో, పిల్లి దూకుతుందేమో అని పరీక్ష అయ్యేదాకా పట్టుకునే నిలబడ్డాను. నాకు తెర కనిపించదు. మౌసు చప్పుడు మాత్రం వినిపిస్తున్నది. ఒక చప్పుడు, కాస్త ఆలోచన, మళ్లీ చప్పుడు. ఎక్కడైనా ఆలస్యమైతే అది పేజీదో, ఆమెదో తెలియక మూతను ఇంకాస్త పైకెత్తేవాణ్ని. చివరికి కుర్చీ జరిపిన శబ్దం.

“ఏమాయె?” అన్నాను.

ఆమె లోపలికి వచ్చింది. కళ్లద్దాలు నుదుటి మీదికి ఎక్కి ఉన్నాయి.

“పాసని పడింది. నా కండ్లు నేనే నమ్మలేకుండా ఉండా, మీరొచ్చి సదవండి.” ఆగి, నా చేతిని చూసింది. మూత మీది పొడితో అరచేయి సున్నం పూసినట్టున్నది. “మూత ఇంగ వదలండి. రేపు కూడికలో ఎనకాల కాదు, ముందరే చాప పరవాల, దాన్ని దులపాలి పదండి.”